ఉరుము వినపడ్డాక ఇంకో ఓవర్ లేదు

ఆరు బంతుల్లో తొమ్మిది పరుగులు కావాలి. పదమూడేళ్ల లోపు పిల్లల మ్యాచ్, నేను స్కోరు రాస్తున్నా. ఒక పక్క నుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది, ఒకసారి ఉరిమింది కూడా, అందరం విన్నాం. అంపైర్ కోచ్‌ల వైపు చూశాడు, కోచ్‌లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వెనక నుంచి ఎవరో పేరెంట్ "ఒక్క ఓవరే కదండీ, అయిపోనివ్వండి" అన్నారు. సరే అనుకున్నాం. నాలుగో బంతి వేస్తుండగా బౌండరీ అవతల చెట్టు మీద పిడుగు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ చెట్టుకి దగ్గర్లో ఫీల్డింగ్ చేస్తున్న పిల్లాడు రెండు చెవులూ మూసుకుని ఉన్నచోటే కూలబడిపోయాడు, వాడి దగ్గరికి పరిగెత్తి చూస్తే నా చేతిలో పెన్ను ఇంకా అలాగే ఉంది, మూత కూడా పెట్టలేదు.

తర్వాత చాలా రోజులు ఆలోచించా. అక్కడున్న పెద్దవాళ్లలో తెలివితక్కువ వాళ్లు ఎవరూ లేరు. ఉరిమితే ఆపాలని అందరికీ తెలుసు. ఆపే పని మాత్రం ఎవరిదీ కాదు. అంపైర్ కోచ్‌లు చెప్తారనుకున్నాడు, కోచ్‌లు అంపైర్ చెప్తాడనుకున్నారు, నేనైతే స్కోరు రాసేవాణ్ణి నాకెందుకులే అనుకున్నా. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క లెక్క మీదే నడుస్తుంది: ఎప్పుడు ఆపాలి, ఎవరు ఆపాలి అన్నది గ్రౌండ్‌లో తేల్చుకునే విషయం కాదు, ఇంటి దగ్గర స్థిమితంగా ఉన్నప్పుడు తేల్చుకోవాలి.

సీజన్ మొదలవక ముందు

మొదట ఒక మనిషిని ఎంచుకోండి. వాతావరణం చూసుకునే డ్యూటీ ఆ రోజుకి ఆ మనిషిదే. హెడ్ కోచ్ వద్దు, ఆయన ధ్యాసంతా ఆట మీదే ఉంటుంది, ఉండాలి కూడా. టీమ్ మేనేజరో, స్కోరరో, కాస్త మొండితనం ఉన్న పేరెంటో అయితే మంచిది. వాళ్లు ఆపమంటే ఆపడమే, వాదన లేదు. మేము పెట్టుకున్న రూలు ఇది: ఆపమని ఎవరైనా అడగొచ్చు, చివరికి పదేళ్ల పిల్లాడు అడిగినా సరే, కొనసాగించమని మాత్రం ఎవరూ అడగకూడదు. ఇది సీజన్ మొదట్లోనే పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేయండి. అవతలి టీమ్ కోచ్‌కీ, అంపైర్‌కీ టాస్‌కి ముందే చెప్పేయండి. ముందు చెప్తే రూలు, అప్పటికప్పుడు చెప్తే గొడవ.

రెండోది, తల దాచుకునే చోటు. "అదిగో ఆ బిల్డింగ్ ఉందిగా" అని చేత్తో చూపించి వదిలేయకండి. ఒకసారి గ్రౌండ్‌లో అందరికంటే దూరంగా ఉండే మూల నుంచి, అందరికంటే చిన్న పిల్లలతో, నడిచి చూడండి. టైమ్ పెట్టి. మేం చూసినప్పుడు ఏడు నిమిషాలు పట్టింది, మూడు పడుతుందనుకున్నాం. ఒకడు షూ లేసు కట్టుకుంటాడు, ఒకడు బాటిల్ కోసం వెనక్కి పోతాడు, ఒకత్తి చెల్లెలు కనపడట్లేదని ఆగిపోతుంది. ఏడు నిమిషాలు పడితే ఏడు నిమిషాల ముందే విజిల్ వేయాలన్నమాట. ఇంకో సంగతి, ఆ బిల్డింగ్ తాళం ఎవరి దగ్గరుంది? ఆదివారం పూట కూడా ఉంటుందా? నవ్వకండి, మేం ఒకసారి తాళం వేసిన తలుపు ముందు ఇరవై మంది పిల్లలతో నిలబడ్డాం.

ముందు రోజు రాత్రి ఫోర్‌కాస్ట్, ఆట మొదలయ్యే రెండు గంటల ముందు రాడార్ (వాన మబ్బులు ఎక్కడున్నాయో చూపించే మ్యాప్) చూడండి. రాడార్‌లో మబ్బు ఎక్కడుందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, గత అరగంటలో ఎటు జరిగిందో చూడాలి, ఎటు వస్తుందో అప్పుడే తెలుస్తుంది. అయితే ఫోన్ చూసుకుంటూ ఆకాశం చూడటం మర్చిపోయేవాళ్లు కూడా ఉంటారు. ఉన్నట్టుండి చల్లగాలి తిరిగిందంటే, యాప్ ఏం చెప్పినా సరే, తల ఎత్తి చూడండి.

పిల్లల్ని దింపేసి వెళ్లిపోయే పేరెంట్స్ నంబర్లు కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. గాలివాన మధ్యలో ఎవరినీ ఒంటరిగా సైకిల్ మీద ఇంటికి పంపొద్దు, వాడు ఎంత దగ్గరలో ఉన్నా సరే.

పిడుగు

ముందు లెక్క. మెరుపు వెంటనే కనపడుతుంది, ఉరుము మెల్లగా వస్తుంది, కిలోమీటరుకి దాదాపు 3 సెకన్లు. మెరుపు చూసి 30 లెక్కపెట్టేలోపు ఉరిమితే పిడుగు సుమారు 10 కిలోమీటర్లలో పడినట్టు. చాలా ఏళ్లుగా చెప్పే 30-30 రూలు ఇదే: 30 సెకన్ల లోపు ఉరిమితే లోపలికి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. మొదటి 30 గురించి నా అభిప్రాయం వేరు. గ్రౌండ్‌లో పిల్లల అరుపుల మధ్య ఏ మెరుపుకి ఏ ఉరుమో ఎవరు లెక్కపెడతారు? ఉరుము మామూలుగా 15 కిలోమీటర్లు దాటితే వినపడదు. పిడుగేమో వాన పడే చోటికి అంత దూరంలోనూ పడగలదు, తలమీద ఆకాశం నీలంగా ఉన్నప్పుడు కూడా. అంటే ఉరుము మీ చెవిన పడిందంటే మీరు దాని అందుబాటులో ఉన్నట్టే. లెక్కలొద్దు. ఉరిమింది, ఆపేశాం, నడిచాం.

రెండో 30 మాత్రం వదలొద్దు. చివరి ఉరుము విన్న నిమిషం నుంచి ఫోన్‌లో టైమర్ పెట్టండి. 27వ నిమిషంలో మళ్లీ ఉరిమితే మళ్లీ సున్నా నుంచి. వాన ఆగిందనీ, ఎండ వచ్చిందనీ బయటికి వదలొద్దు. "అయిపోయింది కదండీ" అని పేరెంట్స్ అడిగేది సరిగ్గా అప్పుడే, టైమర్ వాళ్లకి చూపించండి, మీరు మాట్లాడక్కర్లేదు.

2024 నవంబరులో పెరూలోని చిల్కాలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఏం జరిగిందో వీడియో చాలామంది చూసే ఉంటారు. రిఫరీ మ్యాచ్ ఆపాడు. ఆటగాళ్లు మెల్లగా నడుచుకుంటూ బయటికి వెళ్తున్నారు. అప్పుడు పడింది పిడుగు. ఒకతను చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. వాళ్లు ఆపకుండా లేరు, ఆపారు. ఆపినా గ్రౌండ్ దాటే సమయం మిగల్లేదు. నడిచి చూడమని పైన అంత గట్టిగా చెప్పింది అందుకే.

ఎక్కడికి వెళ్లాలంటే: నాలుగు గోడలు, పైకప్పు, కరెంటు వైరింగు, నీళ్ల పైపులు ఉన్న బిల్డింగ్‌లోకి. వైరింగు, పైపులు ఎందుకంటే పిడుగు పడితే ఆ కరెంటు వాటి గుండా భూమిలోకి దిగిపోతుంది. అందుకే లోపలికి వెళ్లాక కుళాయి తిప్పొద్దు, చార్జింగ్‌లో పెట్టిన ఫోన్ పట్టుకోవద్దు, కాంక్రీటు గోడకి ఆనుకుని కూర్చోవద్దు, లోపల ఇనుప చువ్వలుంటాయి కదా. చార్జర్‌కి తగిలించని ఫోన్ వాడుకోవచ్చు, ఏమీ కాదు. బిల్డింగ్ లేకపోతే కారు, బస్సు, వ్యాను, పైన ఇనుప టాప్ ఉండాలి, అద్దాలు ఎక్కించాలి. కాపాడేది రబ్బరు టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుప బాడీ. ఆటోలు, ఓపెన్ జీపులు, బైకులు ఈ లెక్కలోకి రావు.

డగౌట్, రేకుల షెడ్డు, టెంటు, గ్యాలరీ కింద, స్కోర్‌బోర్డు వెనక, ఇవి వాన తడవకుండా ఆపుతాయి తప్ప పిడుగుని ఆపవు. చెట్టు అన్నిటికంటే ఘోరం. పిడుగు పడ్డాక కరెంటు నేల మీద చుట్టూ పాకుతుంది, ఎక్కువమంది దెబ్బతినేది ఆ నేల మీది కరెంటుకే, నేరుగా నెత్తిన పడి కాదు. ఇనుప కంచె కూడా అంతే, ఎక్కడో పడిన పిడుగుని ఇక్కడిదాకా మోసుకొస్తుంది, పిల్లల్ని దానికి దూరంగా నడిపించండి. దగ్గర్లో ఏ చోటూ లేకపోతే? నిజం చెప్పాలంటే అలాంటి గ్రౌండ్‌లో, ఉరుములు పడతాయని చెప్పిన రోజున ఆట పెట్టుకోకూడదు. ఒకవేళ ఇరుక్కుపోతే ఎత్తు ప్రదేశాలు, చెట్లు, స్తంభాలు వదిలి, ఒకరికొకరు ఎడంగా, ఎక్కడా ఆగకుండా బిల్డింగ్ వైపు సాగిపోవడమే. నేల మీద పడుకోవద్దు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని ఇంకా చాలామంది నమ్ముతారు. కొట్టదు, ఒంట్లో కరెంటు ఏమీ మిగలదు. ఒకేసారి నలుగురైదుగురు పడిపోతే, అరుస్తున్నవాళ్లు, మూలుగుతున్నవాళ్లు కాసేపు ఆగగలరు, కదలకుండా, ఊపిరి లేకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. గుండె ఆగినా వెంటనే సీపీఆర్ మొదలుపెడితే తిరిగి కొట్టుకునే అవకాశం ఉంటుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ మధ్య నొక్కాలి, ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు అంబులెన్స్‌కి ఫోన్, మూడో మనిషి ఏఈడీ మెషీన్ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చేది) ఉంటే దాని కోసం పరుగు. సీపీఆర్ చదివి నేర్చుకునేది కాదు, ప్రతి టీమ్‌లో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు చేత్తో చేసి నేర్చుకుని ఉండాలి.

ఎండ

పిడుగు గురించి భయం ఉంటుంది, ఎండ గురించి ఉండదు. "మా రోజుల్లో మేం ఆడలేదా" అనే మాట ఎండ దగ్గరే వస్తుంది.

ఒక సాయంత్రం ఫుట్‌బాల్ ప్రాక్టీస్. పద్నాలుగేళ్ల అమ్మాయి, మామూలుగా గ్రౌండ్ అంతా వినపడేలా అరుస్తుంటుంది. ఆ రోజు అరవట్లేదు. బాగానే ఉన్నావా అమ్మా అన్నా. "బాగానే ఉన్నా సార్" అంది. రెండు నిమిషాల తర్వాత బంతి తీసుకెళ్లి అవతలి టీమ్ వాళ్లకి నెమ్మదిగా పాస్ ఇచ్చింది, తప్పు చేసినట్టు కూడా మొహంలో లేదు. స్కోరెంత అని అడిగితే కాసేపు నా వైపే చూస్తూ నిలబడింది. నీడకి తీసుకెళ్లి, షిన్ గార్డులు, షూ విప్పి, తడి తువ్వాళ్లు మెడకీ చంకలకీ పెట్టి, నీళ్లు ఒంటి మీద పోస్తూ ఉంటే పది నిమిషాల్లో తేరుకుంది, అయినా ఆస్పత్రికి పంపాం. అప్పటి నుంచి "బాగున్నావా" అని ఎవరినీ అడగను. ఏ పిల్లా బాగోలేదని చెప్పదు, చెప్తే బెంచ్ మీద కూర్చోబెడతారని భయం. జవాబు ఉన్న ప్రశ్న అడుగుతా. స్కోరెంత? ఇందాక నీకు పాస్ ఎవరిచ్చారు? నిన్న చివర్లో ఏం ప్రాక్టీస్ చేశాం? తడబడితే ఆట అయిపోయినట్టే.

ఆపాలా వద్దా అన్నది ఫోన్‌లో కనపడే డిగ్రీలు చూసి తేల్చొద్దు. అది నీడలో కొలిచింది. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, కాబట్టి ఉక్కపోతలో 33 డిగ్రీలు పొడి ఎండలో 38 కంటే ప్రమాదం కావచ్చు. దీనికోసమే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అని ఒక కొలత ఉంది, పొట్టిగా డబ్ల్యూబీజీటీ. ఇందులో తేమకి 70 శాతం, నేరుగా తగిలే ఎండకి 20 శాతం, మామూలు గాలి వేడికి 10 శాతమే వాటా. చేతిలో పట్టే మీటర్లు దొరుకుతాయి, క్లబ్‌కి ఒకటి చాలు. జపాన్‌లో క్రీడల గైడ్‌లైన్ ప్రకారం ఇది 31 దాటితే వ్యాయామం ఆపేయడమే, పిల్లల విషయంలో మరీ గట్టిగా. పెద్దల ఫుట్‌బాల్‌లో 32 దాటితే కూలింగ్ బ్రేక్ ఇస్తారు, 2014 ప్రపంచ కప్‌లో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్‌లో ఇచ్చారు కూడా. కానీ అది ఏళ్ల తరబడి శిక్షణ ఉండి, పక్కనే డాక్టర్లు ఉన్న ప్రొఫెషనల్స్ సంగతి, మన పిల్లల సంగతి కాదు. నేనైతే 28 దాటగానే పరుగు తగ్గించి బ్రేకులు పెంచుతా, 31 దగ్గర ఇంటికే. ఆర్టిఫిషియల్ టర్ఫ్ అయితే ఇంకా ముందే, ఎండలో ఆ నేల 60 డిగ్రీలు దాటిపోతుంది, కావాలంటే అరచేయి పెట్టి చూడండి, ఎంతసేపు ఉంచగలరో.

సెలవుల తర్వాత మొదటి రెండు వారాలు మరీ జాగ్రత్త. ఒళ్లు ఎండకి అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది, మొదటి రోజే ఫిట్‌నెస్ టెస్టు అని పది రౌండ్లు పరిగెత్తించే కోచ్‌ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జ్వరమో విరేచనాలో తగ్గి వచ్చినవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు, కొత్తగా టీమ్‌లోకి వచ్చి తమ సత్తా చూపించాలనుకునేవాళ్లు, ప్యాడ్లూ హెల్మెట్‌తో ఉండే వికెట్ కీపర్, వీళ్ల మీద ఒక కన్ను వేయండి. పదిహేను ఇరవై నిమిషాలకి ఒక వాటర్ బ్రేక్, దాహం వేసినా వేయకపోయినా. సరిగ్గా ఆడలేదని నీళ్లు ఆపడం, అదనపు రౌండ్లు వేయించడం శిక్షణ కాదు. అలాగని బలవంతంగా లీటర్ల కొద్దీ తాగించొద్దు, మోతాదు మించి ఉత్త నీళ్లు తాగినా రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది.

వడదెబ్బ అంటే చెమట ఆగిపోయి ఒళ్లు పొడిగా ఉంటుందనుకుంటారు. ఆడుతూ వడదెబ్బ తగిలినవాళ్లకి చాలాసార్లు చెమట కారుతూనే ఉంటుంది. చూడాల్సింది బుర్ర: పొంతన లేని మాటలు, తూలడం, కారణం లేకుండా కోపం, పడిపోవడం. ఒంటి లోపలి వేడి 40 దాటి ఈ లక్షణాలుంటే అది వడదెబ్బే, కానీ థర్మామీటర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు, పైగా నోట్లో, నుదుటి మీద పెట్టేవి అప్పుడు తప్పు చూపిస్తాయి. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, వచ్చేలోపు చల్లబరచండి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. పెద్ద టబ్బులో ఐస్ నీళ్లు పోసి మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోవడం అన్నిటికంటే వేగంగా పనిచేస్తుంది. టబ్బు లేకపోతే ఒళ్లంతా ఐస్ నీళ్లలో ముంచిన తువ్వాళ్లు, ఒకటి రెండు నిమిషాలకోసారి మారుస్తూ, గాలి విసురుతూ. మొదటి అరగంటలో వేడి 39 కిందికి దిగితే దాదాపు అందరూ బతుకుతారు, ఆలస్యమైన ప్రతి నిమిషం లోపలి అవయవాల మీద పడుతుంది. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు, అది జ్వరం మందు.

తడి, చలి, గాలి

వానలో ఆడటం తప్పు కాదు, ఉరుము లేకపోతే. పిల్లలకి అదొక పండగ. నీళ్లు నిలిచి బంతి కదలకపోయినా, పరిగెత్తే కాలు జారుతున్నా ఆపండి, అంతకు మించి చెప్పేదేం లేదు. ప్రమాదం తడిసిన ఒంటికి చల్లగాలి తోడైనప్పుడు. 2021 మే నెలలో చైనాలోని గన్సూలో 100 కిలోమీటర్ల పరుగు పందెం మధ్యలో వడగళ్లు, చలివాన, ఈదురుగాలి ఒక్కసారిగా వచ్చి 21 మంది చనిపోయారు, అదీ బాగా శిక్షణ ఉన్న పెద్దవాళ్లు, పల్చటి పరుగు బట్టల్లో. మన గ్రౌండ్ కొండల మీద లేకపోవచ్చు, కానీ తడి నూలు బనీనుతో గంటసేపు కదలకుండా నిలబడే గోల్‌కీపర్, బెంచ్ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్లు, వీళ్లని ఎవరూ చూడరు. వణుకు మొదలైతే బట్టలు మార్చాల్సిన టైమ్ వచ్చినట్టు. మాట ముద్దగా వస్తున్నా, లేసు కట్టుకోలేకపోతున్నా, ఇంకా వణకాల్సినవాడు వణకడం మానేసినా టైమ్ దాటిపోయినట్టు, వెంటనే అంబులెన్స్. తడి బట్టలు విప్పి పొడి దుప్పటి చుట్టాలి, ఛాతీ దగ్గర వెచ్చబరచాలి, చేతులూ కాళ్లూ రుద్దొద్దు. స్పృహలో ఉంటే వెచ్చటి తీపి పానీయం ఏదైనా ఇవ్వొచ్చు.

గాలి విషయంలో ఒక్కటే చెప్తా, ఇది మాత్రం దయచేసి వినండి. కదిపే గోల్‌పోస్టులు. నేలకి బిగించని పోస్టు గాలికో, పిల్లలు పట్టుకుని ఊగితేనో ముందుకి పడుతుంది, క్రాస్‌బార్ తల మీద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. ప్రతి ప్రాక్టీస్‌కి ముందు మీరే పట్టుకుని లాగి చూడండి. కదిలితే ఇసుక బస్తాలు వేసేదాకా ఆ వైపు ఆట లేదు. వాడనప్పుడు మొహం కిందికి పెట్టి పడుకోబెట్టేయండి. నీడ కోసం వేసిన టెంట్లు కూడా గాలి పెరిగితే ముందే దించేయండి, ఎగిరాక పట్టుకోవడం మన వల్ల కాదు.

పొగ, దుమ్ము ఉన్న రోజు గాలి నాణ్యత సూచీ చూడండి. 150 దాటితే పరుగు తగ్గించండి, 200 దాటితే బయట ఆట వద్దు. ఆస్తమా ఉన్న పిల్లలు అంతకంటే ముందే ఆపేయాలి. వాళ్ల ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, బౌండరీ దగ్గర, ఎవరి చేతిలో ఉందో తెలిసేలా ఉండాలి.

మళ్లీ మొదలుపెట్టే ముందు

ముప్పై నిమిషాల టైమర్ మోగింది, బయట ప్రశాంతంగా ఉంది. పిల్లల్ని వెంటనే వదలకండి. ముందు ఇద్దరు పెద్దవాళ్లు గ్రౌండ్ చుట్టూ తిరిగి రావాలి: విరిగిన కొమ్మలు చెట్ల మీద వేలాడుతున్నాయా, వైర్లు తెగిపడ్డాయా, పోస్టులు కదిలాయా, గుంటల్లో నీళ్లున్నాయా. తెగిన వైరు కనపడితే ఆ రోజుకి ఇక ఆట లేదు. అన్నీ బాగుంటే తలలు లెక్కపెట్టి తీసుకురండి, లోపలికి వెళ్లినప్పుడు ఎంతమందో అంతమంది ఉండాలి. ఇంకో పది నిమిషాలు మళ్లీ వార్మప్ చేయించండి, అరగంట కూర్చున్న కండరాలతో నేరుగా పరిగెత్తితే పట్టేస్తాయి. వెలుతురు చాలకపోతే మ్యాచ్ వాయిదా, ఫలితం గురించి తర్వాత ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు.

ఆ చెట్టు దగ్గర ఫీల్డింగ్ చేసిన పిల్లాడు ఇప్పటికీ మా టీమ్‌లోనే ఉన్నాడు. పోయిన నెల ప్రాక్టీస్ మధ్యలో ఎక్కడో సన్నగా గొణిగినట్టు వినపడింది, నాకు లారీ శబ్దంలా అనిపించింది. వాడు బంతి కింద పెట్టేసి, "సార్, ఉరిమింది" అని బిల్డింగ్ వైపు నడక మొదలుపెట్టాడు. అది లారీనో ఉరుమో నాకిప్పటికీ తెలీదు. విజిల్ వేసి మిగతావాళ్లని వాడి వెనకే పంపించేశా.